పగిలిన గంట మోగిన సోమవారం

మూత తియ్యగానే వంటిల్లంతా బెల్లం పాకం వాసన. అయితే ఇది మన చెరకు బెల్లం వాసన కాదు. ఇందులో కాస్త పొగ, కాస్త పచ్చిగడ్డి కలిసి ఉంటాయి. నాలుక మీద వేసుకుంటే చివర్లో చిరుచేదు మిగులుతుంది. తీపి జొన్న కర్రను గానుగాడి, ఆ రసాన్ని కట్టెల పొయ్యి మీద పొద్దంతా మరగబెట్టి తీసే పాకం. మా అమ్మాయి మాధవి ఏటా చలి ముదరకముందే కెంటకీ రాష్ట్రంలోని హాలిస్ కౌంటీకి వెళ్ళి ఒక సీసా తెచ్చి నాకిస్తుంది. ఈసారి సీసా తెరిచిన రోజున టెక్సస్ రాష్ట్రం ప్లేనోలోని మా ఇంటికి కొందరు తెలుగువాళ్ళు టిఫిన్‌కి వచ్చారు. దోసెల్లోకి తలా ఒక చెంచా వేశాను. ఆ మధ్యే మా వీధిలోకి వచ్చిన సింధు అనే అమ్మాయి లొట్టలేసుకుంటూ తిని, "ఎక్కడ కొన్నారు ఆంటీ?" అంది. చెప్పాను. అక్కడ పదేళ్ళ పైచిలుకు డాక్టరుగా పని చేశానని కూడా చెప్పాను. "అంత ఇంటీరియర్‌లోనా? అసలు అక్కడ ఏముంది ఆంటీ?" అని నవ్వింది. పాపం, దురుద్దేశమేమీ లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. డెబ్బై దాటాక కూడా ఆ ఒక్క మాటకి ఒళ్ళు మండుతోందంటే దానికి కారణం మిస్ ఎడ్నా.

డెబ్బైల చివర్లో మేమక్కడికి వెళ్ళాం. కౌంటీ అంటే మన తాలూకా లాంటిదనుకోండి. మధ్యలో కోర్టు భవనం, చుట్టూ చౌరస్తా, ఆ తర్వాత కనుచూపు మేరా కొండలు, పొగాకు చేలు, వాగుల వెంబడి మెలికలు తిరిగే దారులు. షికాగోలో నా శిక్షణ పూర్తయ్యాక అమెరికన్ డాక్టర్లు ఎవరూ రాని చోట్లే నాకు ఉద్యోగాలు చూపించారు. చీర కట్టుకునే డాక్టరమ్మకి అంతకన్నా మంచి చోటు ఎవరిస్తారు? హాలిస్ కౌంటీ నన్ను ఎంచుకోలేదు, నేను దాన్ని ఎంచుకోలేదు. ఇద్దరికీ వేరే గతి లేదు. మా ఆయన రామం వంతెనల ఇంజనీరు. పక్క కౌంటీలోని రోడ్ల ఆఫీసులో ఆయనకి ఉద్యోగం దొరికింది. గంటన్నర దూరంలో ఉన్న నగరంలోనేమో హాలిస్ పేరెత్తితే చాలు, చెప్పులు లేనివాళ్ళనీ పళ్ళు లేనివాళ్ళనీ వేళాకోళం. ఆ వేళాకోళాలకి మొదటి నెలలో నేనూ నవ్వాను. రెండో నెల నుంచి నవ్వలేదు.

మిస్ ఎడ్నాతో మా పరిచయం ఒక పొరపాటుతో మొదలైంది. వెళ్ళిన కొత్తలో ఒక ఆదివారం చర్చివాళ్ళు చెట్ల కింద సామూహిక భోజనాలు పెట్టి మమ్మల్నీ పిలిచారు. చిక్కుళ్ళలో కూడా పందిమాంసం వేసి వండారు. రామం శాకాహారి, ఒక ఆపిల్ పండు పట్టుకుని తిరిగాడు. భోజనాలయ్యాక అందరూ వెళ్ళిపోతున్నారు. తెల్లజుట్టు ముడి, మగవాళ్ళ బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ మా దగ్గరికొచ్చి చెయ్యి కలిపి, "ఇంక మాతో మా ఇంటికి వచ్చెయ్యండి" అంది. మనకి ఇంకేం కావాలి? రామం మొహం వెలిగిపోయింది. "తప్పకుండానండీ" అన్నాడు. ఆవిడ ట్రక్కు వెనకే మా కారు. ఆవిడ ఒకటి రెండుసార్లు అద్దంలో వెనక్కి చూడటం నాకు కనిపించింది, దారి తప్పుతామేమోనని చూస్తోందనుకున్నాను. ఇంటి ముందు దిగాక ఆవిడ మావైపు ఒక్క క్షణం చూసి తలుపు తీసింది. పొయ్యి వెలిగించి మొక్కజొన్న రొట్టె కాల్చి, పైన ఈ జొన్న పాకం పోసి పెట్టింది. రామం మూడు రొట్టెలు తిన్నాడు.

ఆ కొండల్లో వీడ్కోలు చెప్పే పద్ధతే అదని, 'మాతో వచ్చెయ్యండి' అంటే 'లేదు, మీరే ఉండిపోండి' అనాలని, ఆ తర్వాత ఎవరిళ్ళకి వాళ్ళు పోవాలని ఆస్పత్రిలో నర్సు చెబితే చాలా రోజుల తర్వాత తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. పరుగున వెళ్ళి క్షమాపణ చెబితే ఆవిడ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"అరవై ఏళ్ళుగా ఆ మాట అంటున్నాను. నిజంగా వచ్చినవాళ్ళు మీరొక్కరే. అన్న మాటకి మనిషి నిలబడాలా వద్దా? అన్నాను, వచ్చారు, పెట్టాను. ఇందులో క్షమించడానికేముంది?" అంది. గిన్నె నావైపు జరిపి, "చేతులు ఊరికే ఉంచకు. ఈనెలు తీయడం వచ్చా?" అంది. నాకా? మా అమ్మమ్మ పెంపకంలో పెరిగినదాన్ని! నేను ఈనె తీసిన తీరు చూసి ఆవిడ మొదటిసారి నవ్వింది. ఆ రోజు నుంచి ఆస్పత్రి పనయ్యాక ఆ వాకిట్లో కూర్చోవడం నాకు అలవాటైంది.

ఆమె హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. అక్కడ పెద్దవాళ్ళని పేరుకి ముందు 'మిస్' చేర్చి పిలుస్తారు. మన 'గారు' పేరు వెనకుంటే వాళ్ళది ముందుంటుంది, అంతే తేడా. ఊళ్ళో అందరూ నన్ను 'డాక్టర్ సూ' అని కుదించేశారు. ఆవిడ మాత్రం రోజూ తంటాలుపడి 'సుభద్ర' అనడం నేర్చుకుంది. "నిన్ను పూర్తిగా పిలవడం చేతకానివాళ్ళం మా ప్రాణాలు నీ చేతిలో ఎలా పెడతాం?" అనేది. ఆ 'భ' పలకడానికి ఆవిడ ఊదే ఊపిరికి నాకు నవ్వొచ్చేది.

మొదటి సోమవారం వచ్చిందంటే చౌరస్తా కిటకిటలాడేది. ఒకప్పుడు కౌంటీ కోర్టు నెలకోసారి ఆ రోజున కూర్చునేదట. అప్పటినుంచీ కోర్టు రోజు అంటే సంత కూడా అన్నమాటే: కంచరగాడిదలు, చాకులు, కోళ్ళు, పాత ట్రాక్టర్లు, కబుర్లు. పొద్దున్నే కోర్టు గంట మోగేది. ఆ గంట మోత వింటే ఎవరి వంటింట్లోనో ఇత్తడి బిందె జారిపడిందనుకోవాల్సిందే. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు కోర్టుని తగలబెట్టినప్పుడు గంట కిందపడి పగిలింది. ఆ మరుసటి సోమవారం జడ్జి బూడిదలోకి ఒక బండి తోయించి, దాని మీద నిలబడి కోర్టు నడిపాడట. పగిలిన గంటని కర్రలకి వేలాడదీసి కొట్టారట. కొత్త గంట కొనిస్తామని ఆ తర్వాత ఎవరెవరో ముందుకొచ్చినా కౌంటీ ఒప్పుకోలేదు. ఈ కథని పసిపిల్ల కూడా గుక్కతిప్పుకోకుండా చెప్పేది.

మిస్ ఎడ్నా నన్ను ఆ కోర్టు మెట్ల దగ్గర నిలబెట్టి కథలో రెండో సగం చెప్పింది. "ఇక్కడే మనుషుల్ని బానిసలుగా అమ్మారు. కోర్టు రోజునే. కంచరగాడిదల పక్కన నిలబెట్టి పళ్ళు చూసి కొన్నారు. కొన్నవాళ్ళలో మా ముత్తాత ఉన్నాడు." గొంతు తగ్గించలేదు. పక్కన చాకులు అమ్ముకుంటున్న ముసలాయన తల తిప్పుకున్నాడు. బడిలో కూడా ఇలాగే చెప్పిందట. మంట గురించి చెప్పు, అమ్మకం గురించి వద్దన్నారట స్కూలు పెద్దలు. "రెండూ ఒకే మెట్ల మీద జరిగాయి. ఒకటి చెప్పడానికి, రెండోది మింగడానికి నాకు రెండు నోళ్ళు లేవు" అందట. ఆ ఏడు ఆమె దగ్గర్నుంచి చరిత్ర తీసేసి టైపింగ్ క్లాసు అప్పగించారు. ఈ మహాతల్లి పిల్లలచేత ఆ అమ్మకం కథే టైపు చేయించింది. మరుసటేడు చరిత్ర తిరిగి ఆమెకే ఇచ్చేశారు.

"ఇంత కోపం పెట్టుకుని ఇక్కడే ఎందుకున్నారు?" అని అడిగాను.

"కోపం ఉంది కాబట్టే ఉన్నాను. లేనివాళ్ళు ఎప్పుడో నగరానికి వెళ్ళిపోయారు" అంది.

అప్పటిదాకా నాకు తెలిసినంతలో, ఊరంటే అభిమానముంటే దాని తప్పులు కప్పిపుచ్చాలి, లేదా తప్పులు తెలిస్తే వదిలేసి పోవాలి. తప్పుని తప్పని దాని మొహమ్మీదే చెప్పి, ఆ ఊరి కోసమే కొట్లాడే మనిషిని అక్కడే చూశాను.

కొట్లాట రానే వచ్చింది. ఎనభైల మొదట్లో నగరంలోని పెద్ద ఆస్పత్రివాళ్ళు మా చిన్న ఆస్పత్రిని తమలో కలుపుకుంటామన్నారు. షరతు ఒకటే, కాన్పుల వార్డు మూసెయ్యాలి. కాస్త కలిగినవాళ్ళంతా అప్పటికే కాన్పులకి నగరానికి పోతున్నారు. మిగిలినవాళ్ళు నా దగ్గరికీ, నాకన్నా ముందు నుంచీ ఉన్న ముసలి డాక్టర్ హోల్ట్ దగ్గరికీ వచ్చేవారు. వార్డు మూస్తే వాళ్ళంతా నొప్పులు పడుతూ ఆ కొండదారిలో, చలికాలంలో మంచు మీద, కార్లలో పోవాలి. దారిలోనే కన్న ఇద్దర్ని నేను చూశాను. వాళ్ళలో ఒకరి బిడ్డ బతకలేదు.

కోర్టు హాల్లోనే మీటింగు పెట్టారు. అప్పటికి నాకు ఆరో నెల. ఆస్పత్రి బోర్డు అధ్యక్షుడు మర్యాదస్తుడు, మెత్తగా మాట్లాడతాడు. నగరం ఎంతో దూరం లేదన్నాడు, రోడ్లు బాగుపడ్డాయన్నాడు. మిస్ ఎడ్నా లేచి, "ఇక మీదట ఈ కౌంటీలో ఎవరూ పుట్టరన్నమాట. మరి చావడానికైనా పర్మిషన్ ఉంటుందా?" అంది. హాలంతా నవ్వారు. అధ్యక్షుడూ నవ్వాడు. నవ్వి, నావైపు చెయ్యి చూపించాడు. "అంతెందుకు, మన డాక్టరమ్మనే చూడండి. ఆవిడ మాత్రం ఇక్కడ కంటారా? నగరానికే వెళ్తారు. ఆవిడకి తెలియనిదా?"

అందరూ నావైపు తిరిగారు. మిస్ ఎడ్నా మాత్రం తిరగలేదు. అన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆమె నన్ను ఆ మాట అడగలేదు. రామం మటుకు నగరంలోనే అని మనసులో తేల్చేసుకున్నాడు, నేను ఇంకా ఏమీ తేల్చుకోలేదు. కానీ ఆ పెద్దమనిషి నా కడుపుని సాక్ష్యంగా చూపించి ఆ మిగతా ఆడవాళ్ళ వార్డు మూయించబోతున్నాడు. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

లేచి నిలబడ్డాను. "ఎవరు చెప్పారండీ మీకు? నా బిడ్డ ఈ వార్డులోనే పుడుతుంది. కాన్పు డాక్టర్ హోల్ట్ చేస్తారు. ఆ తర్వాత మూసే మొహముంటే మూసుకోండి."

వెనక వరసలో కునుకు తీస్తున్న డాక్టర్ హోల్ట్ కళ్ళు తెరిచి, "నన్నెప్పుడడిగావు?" అన్నాడు. "ఇప్పుడే అడుగుతున్నాను" అన్నాను. "అయితే సరే" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. బోర్డు తన నిర్ణయాన్ని ఏడాది చివరికి వాయిదా వేసింది.

కారు ఇంటి మలుపు తిరుగుతుండగా రామం, "పంతం కోసం పిల్లని కంటావుటే?" అన్నాడు.

"పంతమేనండీ. రోజూ ఆ ఆడవాళ్ళకి 'ఇక్కడ సేఫ్' అని చెప్తున్నాను కదా. నాకు సేఫ్ కానిది వాళ్ళకెలా సేఫ్ అవుతుంది?"

"నీకేమన్నా అయితే నేనేం చెయ్యాలి? ఆ కోర్టు గంట మెళ్ళో కట్టుకుని తిరగనా?"

ఆ మాటకి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చివరికి ఏ చిన్న తేడా కనిపించినా నగరానికి వెళ్ళిపోవాలని ఒప్పందం చేసుకున్నాం. మిస్ ఎడ్నా కూడా అదే అంది: "తేడా వస్తే మారుమాట లేకుండా వెళ్ళిపో. పంతం నీ ప్రాణం కన్నా పెద్దదేం కాదు. దాని సంగతి నేను చూసుకుంటాను."

శరత్కాలంలో, సరిగ్గా మొదటి సోమవారం తెల్లారేసరికి నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రి చౌరస్తా పక్కనే. కిటికీ తీసి ఉంది. సంతలో కంచరగాడిదల ఓండ్రింపులు, పొద్దున కోర్టు మొదలవుతూ మోగిన పగిలిన గంట, మూలన ఎవరో పెద్ద పెనంలో జొన్న పాకం మరిగిస్తున్న వాసన, అన్నీ లోపలికి వస్తున్నాయి. మిస్ ఎడ్నా నడవలో కుర్చీ వేసుకుని చిక్కుళ్ళ బుట్ట ఒళ్ళో పెట్టుకుంది. అటూ ఇటూ తిరుగుతున్న రామం చేతిలో గుప్పెడు కాయలు పోసి, "చేతులు ఊరికే ఉంచకు" అందట. ఆయన తీసిన ఈనెలతో పాటు సగం కాయ కూడా పోయిందని ఊరంతా చాలాకాలం చెప్పుకున్నారు.

మధ్యాహ్నం దాటాక డాక్టర్ హోల్ట్ నా పొట్ట మీద గొట్టం పెట్టి విని, గడియారం చూసుకుంటూ మళ్ళీ విన్నాడు. నాకు అర్థమైంది. బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. "అంబులెన్స్ బయటే ఉంది. నువ్వూ డాక్టరువే. చెప్పు" అన్నాడు. చెప్పలేనంత భయమేసింది. హాల్లో నేను విసిరిన మాటకి ఈ పసిగుడ్డు బలవుతుందా అనిపించింది. నర్సు నన్ను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టింది. ఆక్సిజన్ పెట్టారు. స్ట్రెచర్ తెమ్మని నేనే చెప్పాను; పంతం ఎక్కడికో పోయింది, బిడ్డ దక్కితే చాలు. స్ట్రెచర్ తలుపు దగ్గరికి వచ్చేలోపే డాక్టర్ హోల్ట్ చెయ్యెత్తాడు. గొట్టం నా చెవుల్లో పెట్టాడు. టకటకా, టకటకా, మాంచి జోరుగా కొట్టుకుంటోంది. స్ట్రెచర్ అక్కడే ఉంచమన్నాం. దాని అవసరం రాలేదు. పొద్దు వాలకముందే మాధవి పుట్టింది, పుడుతూనే గొంతు చించుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు వినగానే మిస్ ఎడ్నా బుట్ట కింద పెట్టి బయటికి నడిచిందట. మగవాళ్ళ బూట్లతో చౌరస్తా దాటి, కోర్టు మెట్లెక్కి, గంట తాడు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. నాకు మంచం మీదికి వినిపించింది, బిందె జారిపడ్డ మోత, మళ్ళీ మళ్ళీ. లోపల కేసు వింటున్న జడ్జి నల్లకోటుతోనే పరుగెత్తుకొచ్చాడని రామం చెప్పాడు.

"ఎడ్నా! మతిపోయిందా? కోర్టు పొద్దుననగా మొదలైంది!"

"అయితే మళ్ళీ మొదలుపెట్టు. మా మనిషి ఒకతి ఇప్పుడే వచ్చింది" అంది తాడు వదలకుండా.

చౌరస్తాలో మగవాళ్ళు ఒక్కొక్కరే టోపీలు తీశారట. పాకం కాసే ముసలాయన ఇంకా గోరువెచ్చగా ఉన్న సీసా ఒకటి తెచ్చి నా మంచం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. మిస్ ఎడ్నా వచ్చి బిడ్డని చూసి, "ముక్కు బాగా లేదు. పెద్దయితే సర్దుకుంటుందిలే" అంది. కళ్ళు మాత్రం తడిగానే ఉన్నాయి.

వార్డు మూయలేదు. ఆ చలికాలంలో కాన్పులకి బడి పంతులమ్మలు వచ్చారు, దుకాణందారుల కోడళ్ళు వచ్చారు, మరుసటేడు అధ్యక్షుడుగారి సొంత కోడలే వచ్చింది. ఆయన నా ఎదురుగా నిలబడి టోపీ చేత్తో తిప్పుతూ, "చలికాలం కదా, రోడ్డు..." అని నసిగాడు. ఒక మాట అనాలని ఎంత ఉన్నా, ఆయన కోడల్ని లోపలికి తీసుకెళ్ళాను. ఆయన మనవడు నా చేతుల్లోనే పుట్టాడు.

ఎనభైల చివర్లో చివరికి మూసేశారు. డాక్టర్ హోల్ట్ పోయాడు, ఇంకో డాక్టరు రాలేదు, నేనొక్కదాన్నే రాత్రింబగళ్ళు మోయలేకపోయాను. ఈ మాట దాచను, ఓడిపోయాం. కానీ ఆ మధ్య ఏళ్ళలో పుట్టినవాళ్ళని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. మిస్ ఎడ్నా అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తోంది. తాళం వేసిన వార్డు ముందు ప్రతి మొదటి సోమవారం కుర్చీ వేసుకుని, చిక్కుళ్ళ బుట్టతో కూర్చునేది. ఎవరికోసం అని ఎవరైనా అడిగితే, "వచ్చేవాళ్ళ కోసం. తలుపు దగ్గర ఎవరో ఒకరుండాలిగా" అనేది.

రామానికి టెక్సస్‌లో ఉద్యోగం వచ్చి మేం బయల్దేరిన రోజున ఆమె వాకిలి ముందు కారు ఆపాం. నేను ఆ ఊరి మాటే అన్నాను: "మీరే మాతో వచ్చెయ్యండి, మిస్ ఎడ్నా."

'మీరే ఉండిపోండి' అనాలి ఆవిడ. అనలేదు. ఆ మాట అంటే మేం నిజంగా ఉండిపోతామని ఆవిడకి తెలుసు. మాధవి గడ్డం పట్టుకుని, "నీది ఏ ఊరని ఎవరైనా అడిగితే గొంతు తగ్గించకు" అంది. అంతే, లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత రెండేళ్ళకి జబ్బు చేస్తే నగరానికి తీసుకెళ్తామన్నవాళ్ళని కర్రతో అదిలించి, తన ఇంట్లోనే పోయిందని నర్సు ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు నేను క్లినిక్‌కి వెళ్ళలేదు.

ప్లేనోలో మాధవి కొత్త బడిలో చేరినప్పుడు టీచరు నీది ఏ ఊరని అడిగిందట. హాలిస్ కౌంటీ, కెంటకీ అందట. "అది కాదమ్మా, అసలు ఊరు?" అని మళ్ళీ అడిగిందట. మా పిల్ల గొంతు తగ్గించలేదు. "నేను పుడితే కోర్టు ఆపి గంట కొట్టారు. మీరు పుట్టినప్పుడు ఏం కొట్టారు?" అందట. ఫిర్యాదు ఇంటికొచ్చింది. రామం కంగారుపడ్డాడు. నేను పిల్లకి దోసె వేసి, దాని మీద పాకం రెండు చెంచాలు ఎక్కువే పోశాను.

ఆ రోజు టిఫిన్లయ్యాక అందరూ లేచారు. గుమ్మం దాకా వెళ్ళి, అలవాటు కొద్దీ, "ఉండిపోకూడదూ?" అన్నాను. అందరూ నవ్వి, ఇంకోసారొస్తామని వెళ్ళిపోయారు. సింధు మాత్రం తొడుక్కోబోయిన చెప్పులు వదిలేసి, "నిజంగానా ఆంటీ? ఇంట్లో ఎవరూ లేరు, ఒక్కదాన్నే బోర్ కొడుతోంది" అని లోపలికి వచ్చేసింది. ఒక్క క్షణం ఆ పిల్లవైపు చూశాను. మళ్ళీ పొయ్యి వెలిగించాను. చిక్కుడుకాయల బుట్ట తెచ్చి ఆ పిల్ల ఒళ్ళో పెట్టాను.

"చేతులు ఊరికే ఉంచకు, ఈనెలు తియ్యి. అక్కడ ఏముందని అడిగావు కదా, చెప్తాను విను. విన్నాక ఏ ఊరి గురించీ ఇంకెవర్నీ ఆ మాట అడగవు."